లాడ్లీ మంజిల్‌లో పళ్ళ పరీక్ష

ఆరున్నర బస్సుకు బయలుదేరాలి, పది గంటలకల్లా నల్లగొండలో ఇల్లు చూడాలి, పన్నెండింటిలోపు ఖాయం చెయ్యాలి, మూడు గంటల బస్సుకు తిరిగి మర్రిగూడ చేరాలి. ఆ శనివారం పొద్దున రామచంద్రం వేసుకున్న పథకం ఇంతే. ఇందులో తప్పు దొర్లడానికి ఎక్కడా సందు లేదని అతను గట్టిగా నమ్మాడు. తన తెలివి మీద అతనికి ఉన్న నమ్మకం అటువంటిది. ఆ నమ్మకం వల్ల లోగడ ఎన్ని పనులు చెడ్డాయో చెప్పుకుంటూ పోతే ఇవాళ్టి సంగతి మొదలుపెట్టలేం కాబట్టి వదిలేద్దాం.

రామచంద్రం మర్రిగూడ పశువుల దవాఖానలో కాంపౌండరు. రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, తొంభై నాలుగు జూన్‌లో నల్లగొండకు బదిలీ చేయించుకున్నాడు. జీతం కోసం కాదు, పట్నం మోజుతోనూ కాదు. నీళ్ళ కోసం. వాళ్ళ దిక్కు బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి తాగినవాళ్ళ పళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, ఏళ్ళు గడిచేకొద్దీ ఎముకలు వంగిపోతాయి. అతని తల్లి నర్సింగమ్మ చివరి పదేళ్ళూ నడుము ఎత్తలేక నేలను చూస్తూనే బతికి, అలాగే కన్నుమూసింది. రామచంద్రానికి నడుము ఇంకా నిటారుగానే ఉంది గానీ, పళ్ళు మాత్రం ఇటుకపొడితో తోముకుని పుక్కిలించడం మరిచిపోయినట్టు ఉంటాయి. అందుకే నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. ఊళ్ళో అందరిదీ అదే అలవాటు కాబట్టి అక్కడ ఎవరికీ అది వింతగా తోచదు.

ఇప్పుడు అతని దిగులంతా కూతురి గురించి. నాయనమ్మ పేరే పెట్టి నర్సి అని పిలుచుకుంటున్న ఆ పిల్లకు ఆరేళ్ళు నిండాయి. పాలపళ్ళు ఒక్కొక్కటే ఊడుతున్నాయి. ఊళ్ళో వైద్యశిబిరానికి వచ్చిన డాక్టరమ్మ పిల్ల నోరు చూసి, "ముందు పండ్ల సంగతి ఇక చేతిలో లేదు. వెనక పండ్లు ఇంకా లోపల తయారవుతున్నయి. ఎనిమిదేళ్ళ లోపల నీళ్ళు మారిస్తే అవి దక్కుతయి, ఎముకలూ దక్కుతయి," అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి రామచంద్రానికి అన్నం సయించలేదు. నర్సి నవ్వినప్పుడల్లా అతనికి తల్లి వంగిన వీపే కళ్ళముందు కదిలేది.

నల్లగొండలో పనిచేసే స్నేహితుడొకడు ఉత్తరం రాశాడు. లాడ్లీ మంజిల్ అని ఒక పాత బిల్డింగు ఉందని, మూడంతస్తులని, పన్నెండు ఇళ్ళని, సొంత బావి ఉందని, అక్కడ ఇల్లు ఖాళీ కావడమే అరుదని, అదృష్టవశాత్తూ ఇప్పుడొకటి ఖాళీ అయిందని, శనివారం లోపల వెళ్ళి మాట్లాడుకోకపోతే చెయ్యి జారిపోతుందని దాని సారాంశం.

"పాత బిల్డింగంటున్నరు. పైకప్పు కురుస్తదేమో, గోడలు చెమ్మ పట్టినయేమో మంచిగ చూడు," అని యాదలక్ష్మి టిఫిన్ గిన్నె కడుతూ భర్తకు మరీ మరీ చెప్పింది.

"కప్పుదేముందే, కురిస్తే గిన్నె పెట్టుకుంటం. అసలు చూడాల్సింది నీళ్ళు."

"నీళ్ళు చూస్తే ఏం తెలుస్తది? మన నీళ్ళు గూడ చూస్తందుకు అద్దం లెక్కనే ఉంటయి."

"నీళ్ళను ఎవరు చూడమన్నరు? తాగేటోల్ల పండ్లు చూస్త," అన్నాడు రామచంద్రం, గుట్టు విప్పుతున్న వాడిలా గొంతు తగ్గించి. "ల్యాబుకిస్తే రిపోర్టు నెలకొస్తది. పండ్ల రిపోర్టు నిమిషంల వస్తది. పది నోర్లు చూసిన్నంటే ఆ బావిల ఏమున్నదో చెప్పేస్త. పదిహేనేండ్ల సంది ఎడ్ల పండ్లు చూస్తున్న, నాకు చెప్తవా?"

"వాళ్ళు ఎడ్లు కారయ్యా," అంది యాదలక్ష్మి. బస్సు హారన్ వినిపించడంతో రామచంద్రం ఆ మాట చెవిన వేసుకోకుండానే పరుగెత్తాడు.

లాడ్లీ మంజిల్ ముప్ఫై ఏళ్ళ పైబడిన బిల్డింగు. సున్నం పెచ్చులు ఊడి గోడలు మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. మెట్ల అంచులు అరిగి నున్నగా మెరుస్తున్నాయి. మధ్య వాకిట్లో గిలక వేసిన చేదబావి, దానికొక మోటారు, డాబా మీద ట్యాంకు. బావి పక్కన ఎవరో ఎర్రటి మిరపకాయలు చాపమీద ఆరబోశారు. రామచంద్రం వీటిలో దేన్నీ సరిగా చూడలేదు. అతని చూపు తిన్నగా గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ కాటమయ్య మూతి మీద వాలింది.

"ఇల్లు చూస్తందుకు వచ్చిండ్రా సార్? రెండో అంతస్తు. ఉండున్రి, తాళంచెవి తెస్త," అని కాటమయ్య లేవబోయాడు. మాట్లాడుతుంటే పెదవుల మధ్య పళ్ళు కనిపించాయి. పండిన మారేడుకాయ రంగు.

రామచంద్రం అతన్ని మళ్ళీ స్టూలు మీదే కూర్చోబెట్టాడు. "తాళంచెవి తర్వాత గానీ, ఎన్నేండ్లయింది పెద్దమనిషీ నువ్వు ఈడ ఉండబట్టి?"

"పదకొండేండ్లు సార్."

"ఈ బావి నీళ్ళేనా తాగేది?"

"ఇంకేం తాగుత సార్? ఈ నీళ్ళు తాగే బతుకుతున్న."

రామచంద్రం జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. పదకొండేళ్ళు, ముదురు గోధుమ. అయితే ఒక్క నోటితో తీర్పు చెప్పడం శాస్త్రీయం కాదు. ఇంకొన్ని చూడాలి. కానీ ముక్కూ మొహం తెలియని వాళ్ళను నోరు తెరవమని ఎలా అడగడం? దానికీ అతను బస్సులోనే ఉపాయం ఆలోచించి పెట్టుకున్నాడు. నవ్విస్తే వాళ్ళే తెరుస్తారు.

మొదటి అంతస్తు మెట్ల మీద జానమ్మ బియ్యం చెరుగుతూ కూర్చుంది. నలభై ఏళ్ళుంటాయి. రామచంద్రం ఆమె ముందు ఆగి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఒకాయన దవాఖానకు పశువును తోలుకొచ్చిండట. సార్, మా బర్రె పాలిస్తలేదు, సూది వెయ్యిన్రి అన్నడట. చూస్తే అది దున్నపోతు!"

చెప్పి తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వాడు. జానమ్మ చేట కింద పెట్టింది.

"అయ్యో పాపం. ఆయనకు కండ్లు కనవడయా?"

"కనబడతయమ్మా, ఊకె నవ్వుతందుకు చెప్పిన."

"కండ్లు కనవడనోల్లను చూసి నవ్వుతవా? అసలు ఎవరు నువ్వు? పొద్దుగాల్నే మెట్లమీద నిలవడి ఆడోల్లకు దున్నపోతుల ముచ్చట చెప్తున్నవు. కాటమయ్యా! ఓ కాటమయ్యా!"

రామచంద్రం రెండు మెట్లు కిందికి దిగాడు. చెప్పుదెబ్బలు తిని ఇంటికి వెళితే యాదలక్ష్మికి ఏం చెప్పాలి? ఆ కంగారులో నోటికొచ్చిన నిజమే చెప్పాడు. "అట్ల కాదమ్మా, నేను దవాఖాన నుంచి వచ్చిన. మీ పండ్లు ఒక్కసారి చూద్దామని."

జానమ్మ మొహం ఇట్టే మారిపోయింది. "పండ్ల డాక్టరువా సారూ? ముందుగాల్నే చెప్పొద్దా?"

రామచంద్రం తల ఆడించాడు. ఆ ఆడింపు అవునని చెప్పిందో కాదని చెప్పిందో అతనికే తెలియదు. ఎక్కడి దవాఖానో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. అంతే, అబద్ధమాడలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇటువంటి సర్దుబాట్లలో అతను ఆరితేరిన వాడు.

పది నిమిషాల్లో లాడ్లీ మంజిల్ అంతా తెలిసిపోయింది. సర్కారు పండ్ల డాక్టరు వచ్చాడని, ఇంటింటికీ తిరిగి చూస్తున్నాడని, మందులు కూడా ఇస్తాడని. కాటమయ్య తన స్టూలు తెచ్చి బావి పక్క వేశాడు. ఎవరో స్టీలు గ్లాసులో చాయ్ తెచ్చారు. మూడంతస్తుల నుంచీ జనం దిగి వచ్చి వరుస కట్టారు. ఇప్పుడైనా నిజం చెప్పి తప్పుకోవచ్చు. కానీ పది నోళ్ళు చూస్తే చాలనుకున్న వాడికి ఇరవై నోళ్ళు వాటంతట అవే ఎదురుగా వచ్చి తెరుచుకుంటుంటే ఎలా తప్పుకుంటాడు? పైగా చాయ్‌లో యాలకులు కూడా వేశారు.

రామచంద్రం పరీక్ష మొదలుపెట్టాడు. పద్ధతి అతనికి వచ్చిన పద్ధతే. ఎడమచేత్తో దవడ గట్టిగా పట్టి, బొటనవేలితో పెదవి పైకి ఎత్తి, తలను వెలుతురు వైపు తిప్పడం. రైసుమిల్లు గుమాస్తా వెంకటయ్య కాస్త బెదిరి తల వెనక్కి లాక్కోబోతే, అలవాటు కొద్దీ అతని మెడ మీద నిమురుతూ, "హో... హో... కదలకు," అన్నాడు.

"డాక్టరు చెయ్యి మస్తుగున్నదే. భయమే పోయింది," అని వెంకటయ్య వెనకవాళ్ళకు చెప్పాడు.

ప్రతి ఒక్కరినీ ఒకటే ప్రశ్న అడిగాడు. "ఎన్నేండ్ల సంది ఈ నీళ్ళు తాగుతున్నరు?" తొమ్మిదేళ్ళు అన్నారొకరు. పద్నాలుగన్నారొకరు. జానమ్మ పన్నెండు అంది. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు. మొత్తం పంతొమ్మిది నోళ్ళు. అందులో పదహారు గోధుమరంగు. మిగిలిన మూడింటిలో ఒకరివి కట్టుడు పళ్ళు.

రామచంద్రం నోటుబుక్కు మూసి కాసేపు బావి వంక చూశాడు. రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించిన బదిలీ ఎందుకూ పనికిరాకుండా పోయింది. మళ్ళీ అవే నీళ్ళు. పెనం మీంచి తీసి పిల్లను పొయ్యిలో పెట్టబోయాడు. సోమవారం కొలువులో చేరాలి, ఇంకో ఇల్లు చూసే వ్యవధి లేదు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అక్కడితో లేచి దండం పెట్టి వెళ్ళిపోయి ఉంటే ఈ కథ చిన్నదయ్యేది. కానీ రామచంద్రం మంచివాడు. మంచితనమూ తన తెలివి మీద నమ్మకమూ ఒక్కడిలోనే ఉంటే పక్కవాళ్ళకు చాలా కష్టం. యాలకుల చాయ్ ఇచ్చిన మనుషులను విషం తాగమని వదిలి వెళ్ళడానికి అతనికి మనసొప్పలేదు. జానమ్మను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఎవ్వరికి చెప్పకు. ఈ నీళ్ళు తాగొద్దు. వీటిల ఫ్లోరైడ్ ఉన్నది."

జానమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "ఓరి దేవుడా! గిక్కడికి సుత వచ్చిందా అది!"

ఎవ్వరికీ చెప్పవద్దన్నాడు కాబట్టి ఆమె ఎవరికీ విడిగా చెప్పలేదు. వాకిట్లో నిలబడి అందరికీ ఒకేసారి చెప్పింది.

ఆ తర్వాత జరిగింది చూడటానికి రెండు కళ్ళు చాలలేదు. మామూలు జనమైతే నిజమా అని అడుగుతారు, ఇద్దరు నమ్ముతారు, నలుగురు నమ్మరు. వీళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఫ్లోరైడ్ అన్న మాట వినగానే పాము పేరు విన్నట్టు అదిరిపడ్డారు. మూడో అంతస్తులో బాలనర్సమ్మ నిండు బిందెలు ఎత్తి మెట్ల మీద కుమ్మరించింది. ఆమెను చూసి రెండో అంతస్తు వాళ్ళు నీళ్ళ గోళాలు ఒలకబోశారు. ఎవరో పొయ్యి మీద ఉడుకుతున్న పప్పును గిన్నెతో సహా తెచ్చి మోరీలో పోశారు. వెంకటయ్య, "ట్యాంకుల ఉన్నది సుత పోవాలె!" అని అరుస్తూ డాబా ఎక్కి ట్యాంకు అడుగు మూత లాగేశాడు. పొద్దున్నే మోటారుతో నింపిన ట్యాంకు. నీళ్ళు డాబా మీద నుంచి మెట్లు పట్టి, అంతస్తుకొక వాగును కలుపుకుంటూ దిగి, వాకిట్లో ఆరబోసిన మిరపకాయలను ఎత్తుకుని గేటు వైపు పోయాయి.

"నేను తాగొద్దన్న గానీ పారబొయ్యుమనలే! జర ఆగున్రి!" అని రామచంద్రం మోకాలి వరకు ప్యాంటు మడిచి అటూ ఇటూ పరుగెత్తాడు. ఎవరు వింటారు? బాలనర్సమ్మ అప్పటికే బట్టలు మూట కట్టుకుని కిందికి దిగింది.

"ఎక్కడికమ్మా?"

"ఏడికో ఏడికో! మా పోరగాండ్ల నోట్లె మన్ను వడ్డది. ఇంకొక్క బిందె గూడ ఈ నీళ్ళు ముట్ట. కాటమయ్యా, రిక్షా పిలువు!"

ఆమె వెనకే ఇంకో రెండు మూటలు దిగాయి. కాటమయ్య రిక్షా కోసం పోలేదు. మిరపకాయలు అతనివే. వాటి వెనక పోయాడు.

సరిగ్గా అప్పుడు కింది అంతస్తులో వెనక ఇంటి తలుపు తెరుచుకుంది. తెల్లటి దుపట్టా తల మీదుగా కప్పుకున్న డెబ్బై ఏళ్ళ ముసలామె గడప దగ్గర నిలబడింది. బిల్డింగు యజమానురాలు లాడ్లీ బేగం. ఒక చేతిలో ఒక చెప్పు ఉంది. రెండోది నీళ్ళలో తేలుతూ రామచంద్రం కాలి దగ్గరికి వచ్చి ఆగింది.

"యా అల్లా! ఏమైతాంది ఈడ? వానొచ్చిందా?"

"నీళ్ళు ఖరాబైనయట బేగమమ్మా!" అని పదిమంది ఒక్కసారే చెప్పారు. "ఫ్లోరైడట! డాక్టరు సారే చెప్పిండు!"

పది వేళ్ళు రామచంద్రం వైపు చూపించాయి. అతను వంగి చెప్పు తీసి, నీళ్ళు విదిలించి, భక్తిగా ఆమె కాళ్ళ దగ్గర పెట్టాడు. అది ఆమెను మెత్తబరచలేదు.

"నువ్వు డాక్టరువా?"

"డాక్టర్ని కాదమ్మా. కాంపౌండర్ని."

"ఏ దవాఖానల?"

ఈసారి తల ఆడిస్తే సరిపోదని అర్థమైంది. రామచంద్రం కాలి బొటనవేలితో నీళ్ళు గెలికాడు. "పశువుల దవాఖానల."

జానమ్మ మెల్లిగా తన దవడ తడుముకుంది. వెంకటయ్య మెడ మీద చెయ్యి వేసుకుని, "అందుకేనా హో హో అన్నవు!" అన్నాడు.

"గమ్మునుండున్రి," అంది లాడ్లీ బేగం. "బాబూ, నీళ్ళు ఖరాబైనయని నీకెట్ల తెలిసింది? కాయితమేమన్న ఉన్నదా?"

"కాయితం లేదమ్మా. పండ్లు చూసిన. పంతొమ్మిది మందిల పదహారు మందివి గోధుమరంగు. పదేండ్ల సంది, పన్నెండేండ్ల సంది ఈ బావి నీళ్ళే తాగుతున్నరు. ఇంకేం కావాలె?" రామచంద్రం గొంతులో కాస్త ధీమా తిరిగి వచ్చింది. నోటుబుక్కు కూడా తీసి చూపించాడు. అక్షరాలు తడిసి అలుక్కుపోయాయి.

ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత జానమ్మ వైపు తిరిగింది. "జానమ్మా, ఈడికి రాకముందు మీది ఏ ఊరు?"

"మర్రిగూడ పక్క నాంపల్లి దిక్కు బేగమమ్మా. పెద్దోడు కడుపుల పడ్డంక నీళ్ళు మంచిగుంటయని ఈడికొచ్చినం."

"వెంకటయ్యా?"

"మునుగోడు పక్కన."

"బాలనర్సమ్మా?"

"మా అమ్మగారిది మర్రిగూడ, అత్తగారిది చండూరు. రెండు దిక్కుల గవే నీళ్ళు." ఆమె మూట మెల్లిగా కిందికి జారింది. మెట్ల మీదే కూలబడింది.

"కాటమయ్యా, నీది?"

కాటమయ్య గేటు దగ్గర నుంచి పిడికెడు తడి మిరపకాయలతో వచ్చాడు. "మర్రిగూడనేనమ్మా. పశువుల దవాఖాన ఎనక సందు."

రామచంద్రం చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం వెళ్ళింది.

"మా ఆయన ఈ జాగాల ముందు బావి తవ్విచ్చిండు," అంది లాడ్లీ బేగం. "నీళ్ళు పట్నంల పరీక్ష చేయిచ్చి, మంచియని కాయితం వచ్చినంకనే పునాది తీసిండు. ఏడాదికొక్కసారి ఇప్పటికీ చేయిస్త, కాయితాలు నా పెట్టెల ఉన్నయి. మీ దిక్కు నుంచి ఒకామె పిల్లను సంకనేసుకొని వచ్చింది. ఆమె చెప్తే ఇంకొకామె వచ్చింది. అట్ల బిల్డింగంత మీ దిక్కోల్లే నిండిన్రు. నీళ్ళు మంచిగున్నయని వచ్చినోల్ల పండ్లు చూసి నీళ్ళు ఖరాబంటవా? ఎవరి పండ్లన్న చూడాలంటే ఈడ పుట్టినోల్లవి చూడాలె గద!"

ఆ శనివారం ఒంటిపూట బడి. ఆమె మాట ముగియకముందే పన్నెండుమంది పిల్లలు సంచులు ఊపుకుంటూ గేట్లోంచి వచ్చి పడ్డారు. వాకిలి నిండా నీళ్ళు చూసి వాళ్ళ సంబరానికి అంతులేదు. అరుచుకుంటూ గంతులు వేశారు. ఒక్కొక్కరి నోట్లో పళ్ళు కొబ్బరి తురుములా మెరిశాయి. రామచంద్రం వాళ్ళను చూస్తూ అలాగే నిలబడిపోయాడు. జానమ్మ చిన్నబిడ్డకు కూడా సరిగ్గా ఆరేళ్ళే ఉంటాయి. ముందు పళ్ళు రెండు ఊడి, ఆ సందులో కొత్తవి వస్తున్నాయి. తెల్లగా. సిగ్గు సంగతి మరిచిపోయి అతని కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ వెతుకుతున్న నీళ్ళు ఇవే. వాటినే అతను కష్టపడి మోరీ పాలు చేయించాడు.

"ఏ ఊరయ్యా నీది?" జానమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"మర్రిగూడ పక్కన పల్లె," అన్నాడు చేతి చాటు నుంచి.

"చెయ్యి తియ్యి. నోరు తెరువు."

తప్పలేదు. తెరిచాడు. వాళ్ళు మళ్ళీ వరుస కట్టారు. ఈసారి చూసేది వాళ్ళు, చూపించేది అతను. వెంకటయ్య అతని దవడ పట్టి వెలుతురు వైపు తిప్పి, మెడ నిమిరి, "హో... హో... కదలకు. మనోడేనే! మనకంటె ముదురున్నయి," అని ప్రకటించాడు. బాలనర్సమ్మకు ముందు నవ్వొచ్చింది. తర్వాత జానమ్మకు. తర్వాత అందరికీ. ఒక్కరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. పొద్దున్నే అందరి పళ్ళూ లెక్కపెట్టి రాసేసుకున్నాక ఇంక దాచుకునేదేముంది? రామచంద్రానికి కూడా నవ్వొచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత అతను గాలి తగిలేలా నవ్వాడు.

లాడ్లీ బేగం మాత్రం నవ్వలేదు. "నవ్వుడు మంచిగనే ఉన్నది. ట్యాంకెవరు నింపుతరు? కరెంటు నాలుగింటి దాకా రాదు. పోరగాండ్లకు తాగ నీళ్ళు లేవు."

ఎవరు నింపాలో అందరికీ తెలుసు. రామచంద్రం చొక్కా విప్పి బావి దగ్గరికి నడిచాడు. ముందు ఇంటింటికీ రెండేసి బిందెలు. తర్వాత ట్యాంకు. చేదుడు, మోసుడు, మూడంతస్తులు ఎక్కుడు, దిగుడు. మొదట్లో బొక్కెనలు లెక్కపెట్టాడు గానీ నలభై దాటాక మానేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యలో కాటమయ్య జాలిపడి గిలక దగ్గర సాయం వచ్చాడు. చేదుతూ అతనికి నర్సి సంగతంతా చెప్పుకుంటే, అది బేగం చెవిన పడింది. మూడు గంటల బస్సు వెళ్ళిపోయింది. ఆఖరి బిందె ట్యాంకులో పోసి, గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుంటుండగా కరెంటు వచ్చింది.

కిందికి దిగేసరికి లాడ్లీ బేగం గడపలో మోడా వేసుకుని కూర్చుని ఉంది. చెంబెడు నీళ్ళు ఇచ్చింది. రామచంద్రం గటగటా తాగాడు. అంత తియ్యటి నీళ్ళు అతను పుట్టాక తాగలేదు.

"బిడ్డకెన్నేండ్లు?"

"ఆరు నిండినయమ్మా."

"ఇంక రెండేండ్లున్నయన్నట్టు," అంది ఆమె తనలో తాను. ఆ లెక్క ఆమెకు తెలిసినట్టే ఉంది. "చూడు బేటా. ఇల్లు నీకైతే ఇయ్య."

అడగడానికి రామచంద్రానికి మొహం లేదు. అయినా చేతులు జోడించాడు. "నేను చేసింది తప్పేనమ్మా. నన్ను గేటు లోపలికి రానియ్యకున్న సరే. బిడ్డను, దాని తల్లిని ఉండనియ్యున్రి. నేను ఆఫీసులనన్న పండుకుంట."

"జర మొత్తం విను. నీకియ్య, నీ పెండ్లానికిస్త. కిరాయి కాయితం ఆమె పేరు మీద రాస్త. రేపే తోలుకొని రా. నీళ్ళ సంగతి గానీ, ఇంటి సంగతి గానీ, ఏదున్నా ఆమెతోనే మాట్లాడుత."

రామచంద్రానికి సంతోషంతో ఒళ్ళు తెలియలేదు. నర్సి వెనక పళ్ళు దక్కాయి. అంతటితో ఊరుకోవచ్చు. కానీ ఊరుకుంటే అతను రామచంద్రం ఎలా అవుతాడు?

"కానీ అమ్మా, ఆమెను మీరు చూడనే లేదు గద. ఎట్లాంటి మనిషో ఎట్ల తెలుసు?"

"నిన్ను చూసిన గద," అంది లాడ్లీ బేగం లేస్తూ. "నిన్ను పెట్టుకొని ఇన్నేండ్లు సంసారం గుంజుకొచ్చిందంటే, ఎంత తెలివి, ఎంత ఓపిక ఉండాలె? ఇంక ఆమెను వేరే చూసేదేమున్నది?"

సాయంత్రం బస్సులో రామచంద్రం మర్రిగూడ వచ్చేదాకా ఆలోచించాడు గానీ, బేగం చేసిన ఈ పరీక్షలో తప్పు ఎక్కడుందో అతనికి దొరకలేదు.